టస్కీగీ వైమానికుల గురువు: చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ ఆండర్సన్

యుద్ధాల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా సేనానుల పేర్లను, వారు గెలిచిన రణరంగాల పేర్లను స్మరిస్తారు. ఆ సేనలకు విద్య గరపిన ఉపాధ్యాయుని పేరు గ్రంథంలో ఏ మూలనో ఒక పంక్తిగా మిగిలిపోతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని నల్లజాతి యువకులకు సైనిక విమాన విద్యలో ఓనమాలు దిద్దించిన చోటు మోటన్ ఫీల్డ్ అనే ఒక చిన్న శిక్షణ మైదానం. ఆ మైదానం చరిత్రను, అక్కడి ముఖ్య శిక్షకుడైన చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ ఆండర్సన్ జీవితాన్ని విడదీసి చెప్పడం సాధ్యం కాదు. అది సైన్యం స్వయంగా నిర్మించుకున్న స్థావరం కాదు. ఒక కళాశాల అప్పు చేసి నిర్మించిన మైదానం. అందుచేతనే ఈ చరిత్ర మన కళాశాల సంచికలో చోటు పొందదగినదని మేము భావిస్తున్నాము.

ఆండర్సన్ 1907వ సంవత్సరం ఫిబ్రవరి 9వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగర సమీపాన ఉన్న బ్రిన్‌మార్‌లో జన్మించాడు. రైట్ సోదరుల విమానం మొట్టమొదటిసారి గాలిలోకి లేచి అప్పటికి నిండా నాలుగేళ్ళయినా కాలేదు. విమానం అనేది ఆ తరం బాలురకు కంటికి కనిపించే అద్భుతం. మన కథానాయకునికి మాత్రం అది చూచి ఆనందించే వస్తువుగా తోచలేదు. తానే నడపవలసిన యంత్రంగా తోచింది. ఆ కోరికతో ఆయన తట్టిన ప్రతి తలుపూ మూసుకున్నది. విమాన విద్య నేర్పే పాఠశాలలు నల్లజాతివానిని విద్యార్థిగా చేర్చుకోవడానికి అంగీకరించలేదు. రుసుము చెల్లిస్తానన్నా నేర్పే శిక్షకుడు దొరకలేదు. విమానాశ్రయాల చుట్టూ తిరుగుతూ, పైలట్ల మాటలు చెవిన వేసుకుంటూ, యంత్రాలు బాగుచేసేవారి పనిని గమనిస్తూ ఆయన ఆ విద్యను అంచులనుండి ఏరుకున్నాడు.

గురువు దొరకనివాడు చివరకు విమానాన్నే సంపాదించుకున్నాడు. తాను దాచుకున్న సొమ్ముకు బంధుమిత్రులవద్ద తెచ్చిన అప్పును కలిపి ఒక పాత విమానాన్ని కొన్నాడు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవైరెండేళ్ళు దాటలేదు. విమానం ఉన్నది, నేర్పేవాడు లేడు. అయితే సొంత విమానం లేని పైలట్లు కొందరు ఉండనే ఉన్నారు. వారిలో రస్సెల్ థా అనే అనుభవశాలి అట్లాంటిక్ సిటీలో ఉన్న తన తల్లిని చూడడానికి పోవలసినప్పుడల్లా ఆండర్సన్ విమానాన్ని అడిగి తీసుకునేవాడు. విమానంతో పాటు దాని యజమాని కూడా వెంట వెళ్ళేవాడు. ఆ ప్రయాణాలే పాఠాలైనాయి. మిగిలినది తానే సాధన చేసి నేర్చుకుని, 1929 ఆగస్టులో ఆండర్సన్ ప్రైవేటు పైలట్ లైసెన్సు పొందాడు.

అంతటితో ఆయన తృప్తి పడలేదు. విమానం నడపడం వృత్తిగా స్వీకరించాలంటే రవాణా పైలట్ లైసెన్సు కావాలి. అప్పటివరకు ఆ దేశంలో ఏ నల్లజాతివానికీ ఆ అర్హత లభించలేదు. ఈ దశలో ఆయనకు ఎర్నెస్ట్ బ్యూల్ తోడ్పడ్డాడు. బ్యూల్ మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పక్షాన విమానాలు నడిపి, తరువాత అమెరికాలో స్థిరపడి ఫిలడెల్ఫియాలో విమాన శిక్షణ సంస్థ నడుపుతున్నవాడు. ఆయన ఆండర్సన్‌కు ఉన్నత శిక్షణ ఇవ్వడమే కాక, పరీక్షాధికారి జంకినప్పుడు పరీక్ష జరిపి తీరవలసిందేనని పట్టుబట్టాడు. 1932 ఫిబ్రవరిలో ఆండర్సన్ ఆ లైసెన్సు సాధించాడు. ఒకరి అవసరం, మరొకరి సౌజన్యం అనే రెండు సన్నని దారాలను పట్టుకుని ఆయన పైకి వచ్చాడు. ఈ విషయాన్ని చదువరులు గుర్తుంచుకోవలెను. ఎందుకంటే తనకు ఇతరుల దయవల్ల దక్కిన విద్యను తన తరువాతివారికి క్రమబద్ధమైన చదువుగా అందించడమే ఆయన జీవితకార్యమైనది.

అట్లాంటిక్ సిటీలో వైద్యవృత్తిలో ఉన్న డాక్టర్ ఆల్బర్ట్ ఫోర్సైత్‌తో పరిచయం ఆండర్సన్ జీవితంలో మరొక మలుపు. బహామా దీవులలో జన్మించిన ఫోర్సైత్ యువకుడిగా అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విద్యాలయంలో చదివి, అనంతరం కెనడాలో వైద్యపట్టం పొందినవాడు. నల్లజాతివారు విమానాలు నడపలేరన్న ప్రచారాన్ని వాదంతో కాక కార్యంతో ఖండించాలని మిత్రులిద్దరూ నిశ్చయించారు. 1933 జూలైలో వారు అట్లాంటిక్ సిటీ నుండి లాస్ ఏంజెలిస్‌కు, అక్కడినుండి తిరిగి అట్లాంటిక్ సిటీకి విమానయానం చేశారు. ఖండాన్ని ఈ చివరనుండి ఆ చివరకు దాటి తిరిగివచ్చిన నల్లజాతి పైలట్లలో వారే ప్రథములు. వారి చిన్న విమానంలో రేడియో లేదు, రాత్రివేళ దిగడానికి దీపాలు లేవు, పారాషూట్లు లేవు. పర్వతాలను, ఎడారులను, తుఫాను మబ్బులను కేవలం దృష్టిని, పటాన్ని, దిక్సూచిని నమ్ముకుని దాటారు.

మరుసటి సంవత్సరం వారు మరింత సాహసానికి పూనుకున్నారు. టస్కీగీ విద్యాలయ స్థాపకుడైన బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టిన ఒక చిన్న విమానంలో 1934 నవంబరులో మయామీ నుండి కరీబియన్ దీవులకు బయలుదేరారు. బహామాలోని నాసా పట్టణంలో అప్పటికి నేలమీద దిగే విమానాలకు మైదానమే లేదు. ఊరివారు మోటారుకార్లను నిలిపి వాటి దీపాల వెలుగులో ఒక మట్టిబాటను చూపగా విమానం ఆ బాటమీద దిగింది. క్యూబా, జమైకా, హైతీ మొదలైన చోట్ల ప్రజలు వారికి ఘనంగా స్వాగతం పలికారు. ట్రినిడాడ్‌లో విమానం పైకి లేస్తున్నప్పుడు ప్రమాదానికి గురై యాత్ర అర్ధాంతరంగా ముగిసింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. యాత్ర పూర్తి కాకపోయినా, ఆండర్సన్ పేరు నల్లజాతి పత్రికల ద్వారా ఇంటింటికీ చేరింది. అయినప్పటికీ అంతటి పైలట్‌కు ఏ విమాన సంస్థా ఉద్యోగమివ్వలేదు.

ఇక మనం టస్కీగీ సంగతి తెలుసుకోవాలి. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881లో అలబామాలో ఈ విద్యాలయాన్ని ప్రారంభించాడు. అక్కడి విద్యార్థులు తమ చేతులతో ఇటుకలు చేసి, కాల్చి, తమ తరగతి గదులను తామే కట్టుకున్నారన్నది ప్రసిద్ధమైన విషయం. 1939లో అమెరికా ప్రభుత్వం కళాశాల విద్యార్థులకు పౌర విమాన శిక్షణ ఇచ్చే పథకాన్ని విస్తరించినప్పుడు నల్లజాతి కళాశాలలు కొన్నింటికి కూడా దానిలో చోటు లభించింది. వాటిలో టస్కీగీ ఒకటి. తొలి విద్యార్థులు ప్రభుత్వ వ్రాతపరీక్షలో అందరూ ఉత్తీర్ణులైనారు. కాని విమానం ఎక్కడానికి దాదాపు 40 మైళ్ళ దూరంలోని మాంట్‌గోమరీకి పోవలసి వచ్చేది. ఆ బాధ తప్పించడానికి విద్యాలయంవారు సమీపంలోనే కెనెడీ ఫీల్డ్ అనే చిన్న మైదానాన్ని కౌలుకు తీసుకుని బాగుచేశారు.

ఆ రోజులలో విద్యాలయ అధ్యక్షుడు ఫ్రెడరిక్ డగ్లస్ ప్యాటర్సన్. విమాన విద్యకు తగిన ఆచార్యుడు కావాలని వెదుకుతూ ఆయన ఆండర్సన్‌ను ఆహ్వానించాడు. అప్పటికి ఆండర్సన్ వాషింగ్టన్ నగరంలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఇదే పథకం క్రింద శిక్షకుడుగా పనిచేస్తున్నాడు. 1940లో ఆయన టస్కీగీకి వచ్చి ముఖ్య శిక్షకుడైనాడు. విద్యార్థులు గౌరవంతో ఆయనను చీఫ్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు ఆజన్మాంతం ఆయనను వదలలేదు. ఆయన శిష్యులలో స్త్రీలు కూడా ఉన్నారు. మిల్డ్రెడ్ హెమ్మన్స్ అనే యువతి 1941లో పైలట్ లైసెన్సు పొంది, అలబామాలో ఆ అర్హత సాధించిన మొదటి నల్లజాతి మహిళ అయింది. యుద్ధకాలంలో మహిళా పైలట్ల దళానికి ఆమె దరఖాస్తు పెట్టుకోగా, జాతి కారణంగా ఆమెను తిరస్కరించారు.

అప్పటి అమెరికా సైన్యంలో నల్లజాతి పైలట్ ఒక్కడు కూడా లేడు. 1925లో సైనిక యుద్ధ కళాశాల తయారుచేసిన ఒక నివేదిక, నల్లజాతివారికి యుద్ధంలో కావలసిన ధైర్యబుద్ధులు తక్కువని తీర్మానించింది. శాస్త్రం పేరిట వ్రాసిన ఆ దురభిప్రాయమే చాలాకాలం విధానంగా చెలామణి అయింది. నల్లజాతి పత్రికలు, పౌరహక్కుల సంఘాలు సంవత్సరాల తరబడి పోరాడిన ఫలితంగా 1941 జనవరిలో యుద్ధశాఖ ఒక నల్లజాతి యుద్ధవిమాన దళాన్ని ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. దానిపేరు 99వ పర్స్యూట్ స్క్వాడ్రన్. అయితే వారికి శిక్షణ విడిగా, టస్కీగీలో మాత్రమే జరుగుతుందన్నది షరతు.

ఆ సంవత్సరం మార్చి 29వ తేదీన జరిగిన సంఘటన ఆండర్సన్ జీవితంలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అధ్యక్షుని సతీమణి ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆనాడు టస్కీగీకి వచ్చింది. ఆమె రోజెన్‌వాల్డ్ నిధి అనే ధర్మనిధికి ధర్మకర్తలలో ఒకరు. కెనెడీ ఫీల్డ్ చూడవచ్చిన ఆమె ఆండర్సన్ నడిపే చిన్న విమానంలో ఎక్కి విహరించాలని కోరింది. అంగరక్షకులు వారించినా వినక, ఆయన వెంట ఆకాశంలో విహరించి నవ్వుతూ దిగింది. ఆ ఛాయాచిత్రం పత్రికలలో వెలువడింది. ఈ విహారంవల్లనే నల్లజాతి వైమానిక దళం పుట్టిందని కొందరు వ్రాస్తుంటారు. అది సరి కాదు. దళాన్ని ప్రకటించి అప్పటికి రెండు నెలలు దాటింది. కాని ఆ విహారానికి మరొక ప్రయోజనం ఉన్నది. నల్లజాతి పైలట్ చేతిలో ప్రాణం పెట్టడానికి దేశాధ్యక్షుని భార్య సందేహించలేదన్న సంగతి దేశమంతటికీ తెలిసింది. కొంతకాలానికే రోజెన్‌వాల్డ్ నిధి విమాన మైదానం నిర్మాణానికి 1,75,000 డాలర్ల ఋణం మంజూరు చేసింది.

ఆ ధనంతో కట్టినదే మోటన్ ఫీల్డ్. విద్యాలయానికి రెండవ అధిపతిగా పనిచేసి 1940లో మరణించిన రాబర్ట్ రస్సా మోటన్ స్మారకంగా దానికి ఆ పేరు పెట్టారు. నిర్మాణ బాధ్యతను ఆర్చీ అలెగ్జాండర్ అనే నల్లజాతి ఇంజనీరు వహించాడు. వర్షాలు పనికి అడ్డు తగిలినప్పుడు విద్యాలయానికి చెందిన పనివారు, విద్యార్థులు కూడా చేయి వేశారు. అరవై ఏళ్ళ క్రితం ఇటుకలు కాల్చిన సంప్రదాయమే ఈసారి విమానశాలను నిలబెట్టింది. సైన్యం విమానాలను, పరీక్షాధికారులను సమకూర్చింది. శిక్షకులను, మైదానాన్ని విద్యాలయం సమకూర్చింది. సైనిక విమాన విద్యలో నల్లజాతి అభ్యర్థులకు ప్రాథమిక శిక్షణ ఇచ్చిన మైదానం దేశం మొత్తంమీద ఇది ఒక్కటే.

శిక్షణ విధానం కఠినమైనది. స్టియర్‌మన్ అనే రెండు జతల రెక్కల విమానంలో గురువు ఒక గూటిలో, శిష్యుడు మరొక గూటిలో కూర్చునేవారు. పైన కప్పు ఉండదు. ఇంజను హోరులో మాట వినపడదు గనుక గురువు ఒక రబ్బరు గొట్టంద్వారా శిష్యుని చెవికి ఆదేశాలిచ్చేవాడు. శిష్యుడు బదులు చెప్పడానికి వీలు లేదు. మైదానంలో ఎగరడం, దిగడం, గాలిలో గింగిరాలు తిరిగే విమానాన్ని తిరిగి అదుపులోకి తేవడం మొదలైనవన్నీ నేర్చిన తరువాత సైన్యానికి చెందిన శ్వేతజాతి అధికారులు వచ్చి పరీక్షించేవారు. నెగ్గినవారు కొన్ని మైళ్ళ దూరంలో సైన్యం ప్రత్యేకంగా నిర్మించిన టస్కీగీ సైనిక విమానాశ్రయానికి పోయి పై తరగతులు చదివేవారు. ఆండర్సన్ తన జాతివారని కనికరించి ఎవరినీ దాటించలేదు. ఆకాశం ఎవరినీ కనికరించదని ఆయనకు తెలుసు.

మొదటి తరగతిలో చేరిన 13 మందిలో 1942 మార్చి 7వ తేదీన పట్టభద్రులైనవారు అయిదుగురే. వారిలో ఒకరైన బెంజమిన్ డేవిస్ తరువాత ఆ దళాలకు నాయకుడై, జనరల్ పదవినందుకున్నాడు. 1946లో శిక్షణ ముగిసేనాటికి టస్కీగీలో పట్టం పొందిన సైనిక పైలట్ల సంఖ్య సుమారు వెయ్యికి చేరింది. వారిలో 350 మందికి పైగా సముద్రాలు దాటి యుద్ధంలో పాల్గొన్నారు. 1943లో ఉత్తర ఆఫ్రికాకు వెళ్ళిన 99వ దళం, అనంతరం ఇటలీలో పోరాడిన 332వ దళసమూహం శత్రువుల గౌరవాన్ని సైతం పొందాయి. తమ విమానాల తోకలకు ఎర్రరంగు పూసుకొన్నందున వారిని ఎర్రతోకలవారని పిలిచేవారు. వారు కాపలాకాసిన బాంబర్లలో ఒక్కటి కూడా శత్రువు చేతిలో కూలలేదని చాలాకాలం ప్రచారంలో ఉండేది. తరువాతి పరిశోధకులు సైనిక పత్రాలను పరిశీలించి, సుమారు 27 బాంబర్లు కూలాయని, అయితే అదే పనిచేసిన ఇతర దళసమూహాల సగటు నష్టం అంతకంటే ఎక్కువేనని తేల్చారు. సత్యమే వారికి చాలినంత కీర్తి నిచ్చింది. అతిశయోక్తి అవసరం లేదు.

ఇక్కడ ఒక క్లిష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. దానిని దాటవేయడం న్యాయం కాదు. వేరుగా పెట్టిన పాఠశాలను అంగీకరించడం ఆత్మగౌరవమా, లొంగుబాటా? యుద్ధశాఖలో సలహాదారుగా ఉన్న విలియం హేస్టీ అనే నల్లజాతి న్యాయకోవిదుడు దానిని లొంగుబాటుగానే తలచాడు. దేశమంతటా శిక్షణ మైదానాలుండగా నల్లజాతి యువకులందరూ అలబామాలోని ఒక్క మూలకు పోవలసి రావడం అన్యాయమని వాదించి, వైమానిక దళంలోని వివక్షకు నిరసనగా 1943 జనవరిలో పదవికి రాజీనామా చేశాడు. ప్యాటర్సన్ ఆలోచన వేరు. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు కొంచెం తెరుచుకున్నా లోపల కాలు పెట్టాలన్నది ఆయన మతం. విద్యాలయంవారు తమ సంస్థ లాభంకోసం జాతి హక్కులను తాకట్టు పెట్టారన్న నింద కూడా ఆయన మోశాడు.

మా అభిప్రాయంలో ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా పని జరిగేది కాదు. హేస్టీవంటివారు లేకపోతే టస్కీగీ ఒక శాశ్వతమైన గోడగా మిగిలేది. ప్యాటర్సన్, ఆండర్సన్ లేకపోతే గోడ తొలగవలసిన నాడు లోపలినుండి నడిచివచ్చే పైలట్లే ఉండేవారు కారు. 1948 జూలై 26వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్షను అంతం చేయడానికి ఆజ్ఞ జారీచేసినప్పుడు, నల్లజాతివారికి సామర్థ్యం లేదని వాదించేవారికి జవాబుగా టస్కీగీ వైమానికుల యుద్ధచరిత్ర అప్పటికే సిద్ధంగా ఉన్నది. ఒక సంస్థ వేరుగా ఉన్నదా, కలిసి ఉన్నదా అన్న ప్రశ్నతో పాటు, అది తన విద్యార్థులను ఏ ప్రమాణానికి సిద్ధం చేస్తున్నదన్న ప్రశ్న కూడా వేయాలి. మోటన్ ఫీల్డ్‌లో విద్యార్థులు వేరు. పరీక్ష మాత్రం దేశమంతటికీ ఒక్కటే.

ఆండర్సన్ యుద్ధానికి వెళ్ళలేదు. ఆయన పౌర శిక్షకుడు; శిష్యులు పతకాలతో తిరిగివచ్చినప్పుడు ఆయన మైదానంలోనే ఉన్నాడు. సుమారు 66 మంది శిష్యులు యుద్ధరంగంలో నేలకూలి తిరిగి రాలేదు. ఆ భారం ఏ గురువుకైనా జీవితాంతం ఉండేదే. సైన్యం వెళ్ళిపోయినా ఆయన మోటన్ ఫీల్డ్‌ను విడువలేదు. అక్కడే విమానాలు బాగుచేస్తూ, అమ్ముతూ, విమాన విద్య నేర్పుతూ దశాబ్దాలు గడిపాడు. ఇప్పుడాయనవద్దకు నల్లజాతివారితో పాటు శ్వేతజాతివారు కూడా శిష్యులుగా వచ్చారు. ఒకనాడు వర్ణాన్ని చూచి తనను త్రిప్పి పంపిన దేశంలో ఆయన వర్ణం చూడకుండా అందరికీ నేర్పాడు. 1967లో కొందరు మిత్రులతో కలిసి నల్లజాతి వైమానికుల సంఘాన్ని స్థాపించి, వేసవి సెలవులలో బాలబాలికలకు విమాన విద్య పరిచయం చేసే ఏర్పాటు చేశాడు. 1996 ఏప్రిల్ 13వ తేదీన టస్కీగీలో, తన ఎనభైతొమ్మిదవ ఏట ఆయన కన్నుమూశాడు.

మరణానంతరం గౌరవాలు వరుసగా వచ్చాయి. 1998లో మోటన్ ఫీల్డ్‌ను జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు; 2008లో అక్కడి విమానశాల ప్రదర్శనశాలగా ప్రజలకు తెరుచుకున్నది. 2007 మార్చి 29వ తేదీన అమెరికా కాంగ్రెసు టస్కీగీ వైమానికులకు స్వర్ణపతకం సమర్పించింది. ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆండర్సన్ విమానం ఎక్కిన నాటికి అది సరిగ్గా 66 ఏళ్ళు. 2014లో ఆ దేశ తపాలాశాఖ ఆండర్సన్ చిత్రంతో బిళ్ళను విడుదల చేసింది.

ఈ జీవితం నుండి విద్యార్థినీ విద్యార్థులు గ్రహించవలసినది సాహసం ఒక్కటే కాదు. సాహసవంతులు ఆ కాలంలో మరెందరో ఉన్నారు. తాను ఎంతో కష్టంతో సంపాదించిన విద్యను తన ఘనతగా దాచుకోక, పదిమందికి సులభంగా అందే మార్గంగా మలచడం ఆండర్సన్ విశిష్టత. విద్యాసంస్థల బాధ్యత వహించే పెద్దలకు కూడా ఈ చరిత్రలో ఒక మాట ఉన్నది. ప్యాటర్సన్, ఆయన సహచరులు ఫలితం నిశ్చయంగా తెలిసిన తరువాత మైదానం కట్టలేదు. నల్లజాతివారు ఎగరలేరని ప్రభుత్వ నివేదికలు చెబుతున్న రోజులలోనే, తమ పిల్లలు ఎగరగలరని నమ్మి అప్పు చేశారు. ఆ అప్పుతో కట్టిన మైదానం నుండి మొదలుపెట్టి సుమారు వెయ్యిమంది ఆకాశానికి ఎగిరారు.